విజయ్ అయ్యర్ మనవాడేనా?

మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో బాబాయి ఒక ఫొటో పెట్టాడు. పియానో మీదికి వంగి కళ్లు మూసుకున్న ఓ నడివయసు మనిషి. కింద రెండే ముక్కలు: "హార్వర్డులో సంగీతం ప్రొఫెసర్. మనవాడే!" నిమిషంలో పదిమంది చప్పట్ల బొమ్మలు అంటించారు. నాకు నోరు ఊరుకోదు కదా, ఫోను చేశాను.

"ఇతని సంగీతం విన్నావా బాబాయ్?"

"విన్నానురా, ఐదు నిమిషాలు. ఎక్కడ మొదలైందో, ఎటు పోతోందో అంతుపట్టలేదు. అయినా లెక్కలూ ఫిజిక్సూ చదివినవాడట. అంత బుర్ర ఉన్నవాడు ఊరికే వాయిస్తాడా, ఏదో ఉండే ఉంటుంది."

బాబాయిని తప్పుపట్టి లాభం లేదు. జాజ్ పియానిస్టు విజయ్ అయ్యర్ గురించి ఏళ్ల తరబడి లోకం చెబుతున్నదీ దాదాపు ఈ రెండు ముక్కలే. మన వైపు నుంచి "మనవాడు". అమెరికా విమర్శకుల వైపు నుంచి "లెక్కల బుర్ర". రెండూ మెచ్చుకోళ్లే. ఐదు నిమిషాలకు ఆపేసినా నిశ్చింతగా మెచ్చుకోవచ్చనే వెసులుబాటు రెండింటిలోనూ ఉంది. నా పేచీ అక్కడే.

ఆ వెసులుబాటు నేనూ వాడుకున్నాను. 2009లో అతని 'హిస్టారిసిటీ' ఆల్బమ్ వచ్చినప్పుడు, అయ్యర్ అన్న ఇంటిపేరు చూసి, ఎక్కడో ఒకచోట మృదంగమో కంజిరో పలకకపోతుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాను. పలకలేదు. ఒక పియానో, ఒక బేస్, ఒక డ్రమ్ సెట్టు, అంతే. నిరాశపడి పక్కన పెట్టేశాను. వినవలసినదాన్ని వదిలేసి, లేనిదాని కోసం వెతికానని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

అయ్యర్ 1971లో న్యూయార్క్ రాష్ట్రంలోని అల్బనీలో పుట్టాడు. తల్లిదండ్రులు తమిళులు. పెరిగింది అదే రాష్ట్రంలో, రాచెస్టర్ నగర శివారు ఫెయిర్‌పోర్ట్‌లో. మూడో ఏట చేతికి వయొలిన్ వచ్చింది. ఈ మాట వినగానే మన కళ్ల ముందు ఒక బొమ్మ కడుతుంది: బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలను పాదానికి ఆనించి, సరళీ స్వరాలు సాధన చేస్తున్న పిల్లవాడు. ఆ బొమ్మ చెరిపేయాలి. అతను నేర్చింది పాశ్చాత్య శాస్త్రీయ వయొలిన్, పదిహేనేళ్ల పాటు. ఇక పియానో ఇంట్లో ఉన్నది అక్క కోసం. తమ్ముడు దాని మీద చెవికి తోచింది వాయించుకుంటూ పోయాడు. ఈ రోజు లోకం అతన్ని ఏ వాద్యంతో గుర్తిస్తుందో, ఆ వాద్యం చాలావరకు సొంతంగా పట్టుబడినదే.

యేల్ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం చదివాడు. 1992లో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ కోసం కాలిఫోర్నియాలోని బర్క్‌లీ వెళ్లాడు. ఇంతవరకూ మన ఇళ్లలో పిల్లలకు చెప్పుకోదగ్గ కథే. ఆ తర్వాతది మాత్రం వాళ్ల చెవిన పడకుండా దాచే రకం: మాస్టర్స్ డిగ్రీ వరకు వచ్చి భౌతికశాస్త్రాన్ని వదిలేశాడు. అప్పటికే ఓక్‌లండ్ పరిసరాల్లోని నల్లజాతి వాద్యకారులతో కలిసి వాయిస్తున్నాడు. శాక్సఫోన్ వాద్యకారుడు స్టీవ్ కోల్‌మన్ తన బృందంతో పర్యటనలకు తీసుకుపోయాడు. ట్రాంబోన్ వాద్యకారుడు, పండితుడు జార్జ్ లూయిస్ చేయి పట్టి నడిపించాడు. 1995లో మొదటి ఆల్బమ్ వెలువరించిన ఏషియన్ ఇంప్రూవ్ అనే చిన్న సంస్థ కూడా, నల్లజాతి కళా ఉద్యమాన్ని చూసి ప్రేరణ పొందిన ఆసియా అమెరికన్ వాద్యకారులు పెట్టుకున్నదే. గురువుల జాబితా అడిగితే ఇదీ జాబితా. వీళ్ల వెనుక జాజ్ పియానోలో పెద్దలు థెలోనియస్ మంక్, డ్యూక్ ఎల్లింగ్‌టన్, ఆండ్రూ హిల్, సెసిల్ టేలర్ నిలబడి ఉంటారు.

భౌతికశాస్త్రం వదిలినా పీహెచ్‌డీ వదల్లేదు. సంగీతానికీ మనసు పనితీరుకీ ఉన్న సంబంధం మీద తనే ఒక కొత్త కోర్సు కుదుర్చుకుని, అదే బర్క్‌లీలో 1998లో పట్టా పుచ్చుకున్నాడు. ఇక్కడ కాస్త ఆగాలి. "లెక్కల బుర్ర" అన్న మాట ఎంత అన్యాయమైనదో ఆ సిద్ధాంత గ్రంథమే చెబుతుంది.

పశ్చిమ ఆఫ్రికా, ఆఫ్రికన్ అమెరికన్ సంగీతాల్లో లయ ఎక్కడి నుంచి పుడుతుంది? ఇదీ అతను వేసుకున్న ప్రశ్న. ఒంట్లోంచి, అన్నది జవాబు. ఒక ఊపిరి తీసి వదిలే వ్యవధి సంగీతంలో ఒక వాక్యమవుతుంది. గుండె కొట్టుకునే వేగం, కాళ్లు నడిచే వేగం తాళమవుతాయి. నాలుక మాట పలికే వేగం, వేళ్లు కదిలే వేగం ఆ తాళంలోని చిన్న చిన్న ముక్కలవుతాయి. నాలుగు దెబ్బల తాళంలో డ్రమ్మర్ రెండో దెబ్బనూ నాలుగో దెబ్బనూ చెవి పట్టీ పట్టనంత, సెకనులో వందో వంతుల్లో ఆలస్యం చేస్తాడు. అది పొరపాటు కాదు. పాటకు ఊపు వచ్చేది ఆ ఆలస్యంలోంచే. యంత్రం సరిగ్గా గీత మీద కొట్టిన దెబ్బ మనకు చప్పగా ఎందుకు తోస్తుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. మంక్ వేళ్లను బల్లపరుపుగా చాచి మెట్లను గుద్దినట్టు వాయించే తీరు, ఆ చేతుల బరువు, ఆ తడబాటులాంటి నడక, ఇవన్నీ అయ్యర్ దృష్టిలో సంగీతానికి అలంకారాలు కావు. సంగీతం అవే.

బుద్ధి కూడా దేహంలోనే ఉంటుందని ఒక సిద్ధాంత గ్రంథమే రాసిన మనిషిని, అతని ఆల్బమ్‌లు రాగానే విమర్శకులు ఏమన్నారు? మేధావి సంగీతం అన్నారు. గణితం అన్నారు. చల్లగా ఉందన్నారు.

జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ పన్నెండు స్వరాలను వృత్తాల్లో అమర్చి, గీతలు కలిపి, ఒక రేఖాచిత్రం గీసి తోటి వాద్యకారుడు యూసెఫ్ లతీఫ్‌కు ఇచ్చాడు. జ్యామితి తరగతిలో గీసినట్టే ఉంటుంది అది. అయినా కోల్ట్రేన్‌ను ఎవరూ లెక్కల మనిషి అనలేదు. ఆధ్యాత్మికుడు అన్నారు, అగ్ని అన్నారు. నల్లవాడు లెక్క వేస్తే అది ఆత్మ, గోధుమరంగువాడు ఒళ్లు మరిచి వాయిస్తే అది లెక్క. ఒకరికి బుర్ర లేదనీ ఇంకొకరికి ఒళ్లు లేదనీ ముందే పంచిపెట్టేసిన వాటాలివి. మన పిల్లలు లెక్కల్లో దిట్టలని మనం మురిసిపోయే ప్రతిసారీ ఆ పంపకానికి మనమూ సాక్షి సంతకం పెడుతున్నాం.

2013లో మాకార్థర్ ఫెలోషిప్ వచ్చింది, 6,25,000 డాలర్లు. అంతకు ముందు ఏడాదే డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక విమర్శకుల ఎన్నికలో ఒకేసారి ఐదు విభాగాల్లో అతనే గెలిచాడు. అప్పుడూ కొందరు తోటి వాద్యకారులు, ఇతని చేతిలో పస లేదని బాహాటంగానే సణిగారు. అవార్డుల సంగతి ఇంతటితో చాలు. అవి బాబాయికి కంఠతా వచ్చు.

నేను రెండేళ్ల తర్వాత మళ్లీ తీసిన ఆల్బమ్ దగ్గరికి వస్తాను. 'హిస్టారిసిటీ'లో 'మిస్టిక్ బ్రూ' అనే పాట ఉంది. అసలు పాట రానీ ఫోస్టర్ అనే ఆర్గన్ వాద్యకారుడిది, 1972 నాటిది. 1993లో ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే హిప్‌హాప్ బృందం అందులోని ఒక ముక్క కత్తిరించి తమ పాటకు పునాదిగా వేసుకుంది. అయ్యర్ తరానికి ఆ బాణీ ఎక్కువగా చేరింది ఆ దారిలోనే. అయ్యర్ దాన్ని పియానోకి తెచ్చాడు, స్టెఫాన్ క్రంప్ బేస్, మార్కస్ గిల్మోర్ డ్రమ్స్. పొడుగు అడుగు, పొట్టి అడుగు వేస్తూ నడిచే లయ అది. ఆ రెండు అడుగుల నిష్పత్తి కోసం, ముందున్న రెండింటినీ కూడితే తర్వాతది వచ్చే ఫైబొనాచీ సంఖ్యలను వాడుకున్నట్టు అయ్యరే 2009లో గార్డియన్ పత్రికలో రాశాడు. 5కు 3, 8కి 5, 13కు 8. ఈ నిష్పత్తులు ఒకదానికొకటి ఎంత దగ్గరంటే, లయ సాగినా ముడుచుకున్నా చెవికి అదే నడకలా ఉంటుంది, అయినా ఏదో మారినట్టు ఉంటుంది.

ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఎందుకో ఛందస్సు చదివినవారికి వెంటనే తెలిసిపోతుంది. నాలుగు మాత్రలను లఘువు గురువులతో ఎన్ని రకాలుగా నింపగలం? గగ, భ, జ, స, నల. ఐదు. కంద పద్యం నడిచేది ఆ ఐదు గణాల మీదే. మూడు మాత్రలకైతే మూడు రకాలు, ఐదు మాత్రలకు ఎనిమిది, ఆరుకు పదమూడు. అచ్చం అవే సంఖ్యలు. ఫైబొనాచీ 1202లో తన పుస్తకం రాయడానికి ముందే మన ఛందస్సు పండితులు విరహాంకుడూ హేమచంద్రుడూ మాత్రల లెక్కలో వీటిని పట్టుకున్నారు. అంటే అయ్యర్ వాయిస్తున్నది తనకే తెలియకుండా మన...

చూశారా ఎంత హాయిగా జారిపోయానో. బాబాయి ఒక్క మాటలో చేసిన పనిని నేను ఛందస్సు సాయంతో చేశాను. రానీ ఫోస్టర్ పోయాడు, హిప్‌హాప్ పోయింది, ఇరవై ఏళ్లు ఆ బాణీని మోసిన చెవులన్నీ పోయాయి. మిగిలింది మన బడిలోని నల్లబల్ల. పైన చెప్పిన ఛందస్సు లెక్క నిజమే, అందులో ఏ అబద్ధమూ లేదు. కానీ ఆ పాటలో నన్ను పట్టుకున్నది ఆ లెక్క కాదు. మొదటిసారి కాలితో తాళం వేయబోయాను, తప్పింది. వేళ్ల మీద లెక్కపెట్టబోయాను, అదీ తప్పింది. లెక్క మానేసి ఊరికే విన్నప్పుడు మాత్రం తల దానంతట అదే ఊగింది. కుంటుతూ నడిచే మనిషి పక్కన నడుస్తుంటే కాసేపటికి మన అడుగు కూడా అతని అడుగుతో కలిసిపోతుంది చూడండి, అలా. సిద్ధాంత గ్రంథంలో చెప్పింది ఇదేనని అప్పుడు తెలిసింది.

"మరి కర్ణాటక సంగీతం ప్రభావం బొత్తిగా లేదంటావా?" అంటే, లేదనను. ఉంది. పెద్దయ్యాక పనిగట్టుకుని విన్నాడు, నేర్చుకున్నాడు. గిటార్ వాద్యకారుడు ప్రసన్న, తబలా వాద్యకారుడు నితిన్ మిట్టాతో కలిసి 2011లో 'తీర్థ' అనే ఆల్బమ్ చేశాడు. అది నాకు పెద్దగా ఎక్కలేదు. ముగ్గురూ మర్యాదస్తుల్లా ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ ఉంటారు, ఎవరి భుజమూ ఎవరికీ తగలదు. అతని స్నేహితుడు, శాక్సఫోన్ వాద్యకారుడు రుద్రేష్ మహంతప్ప కథ ఇంకా బాగుంటుంది. ఇటలీలో పుట్టి, అమెరికాలోని కొలరాడోలో పెరిగాడు. అతను శాక్సఫోన్ నేర్చుకునే రోజుల్లో వాళ్ల అన్న వేళాకోళంగా ఒక రికార్డు కొనిచ్చాడు. శాక్సఫోన్ మీద కర్ణాటక సంగీతమా, నవ్వుకో అన్నట్టు. అది కద్రి గోపాల్‌నాథ్ రికార్డు. తమ్ముడికి నవ్వు రాలేదు. ఏళ్ల తర్వాత గోపాల్‌నాథ్‌నే వెతుక్కుంటూ వెళ్లి, ఆయన పక్కన కూర్చుని 2008లో 'కిన్స్‌మెన్' అనే ఆల్బమ్ చేశాడు. రక్తంలో ఉందని మనం అనుకునేది అతనికి వచ్చింది ఒక ఎగతాళి కానుకలోంచి. పుట్టుకతో దక్కిన ఆస్తి కాదు, ప్రయాణం చేసి సంపాదించుకున్నది.

అయ్యర్ విషయంలో "మనవాడు" అన్న మాట నన్ను గుచ్చడానికి ఇంకో కారణం ఉంది. మనం అతన్ని మనవాడంటాం, సరే. అతను ఎవరిని తనవాళ్లు అంటున్నాడు? హార్వర్డులో 2014 నుంచి ఉన్నాడు కదా, అక్కడ సంగీత విభాగంతో పాటు ఆఫ్రికన్, ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల విభాగంలోనూ ఆచార్యుడు. ఫొటో పంచుకునే మనవాళ్లు ఆ రెండో విభాగం పేరు వదిలేస్తుంటారు. పొడుగెక్కువని కాబోలు.

1965వ సంవత్సరం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ మే నెలలో షికాగోలో కొందరు నల్లజాతి వాద్యకారులు, క్లబ్బుల దయాదాక్షిణ్యాల మీద బతకడం ఇష్టం లేక, సొంతంగా ఏఏసీఎం అనే సంఘం పెట్టుకున్నారు. జార్జ్ లూయిస్ ఆ సంఘంవాడే. ట్రంపెట్ వాద్యకారుడు వడాడా లియో స్మిత్ కూడా. ఆగస్టులో నల్లవారి ఓటు హక్కుకు రక్షణగా చట్టం వచ్చింది. అక్టోబరులో వలస చట్టం మారింది. దేశాలవారీ వాటాలు పోయి, మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ అమెరికా తలుపులు తెరుచుకున్నది ఆ చట్టంతోనే. పౌర హక్కుల కోసం ఎవరో దెబ్బలు తింటేనే ఆ గాలి వీచింది. ఆ తలుపులోంచి నడిచి వెళ్లినవాళ్లం, తలుపు మన మార్కుల జాబితా చూసి తెరుచుకుందని పిల్లలకు చెప్పుకుంటున్నాం. 2014లో యేల్‌లోని ఆసియా అమెరికన్ పూర్వ విద్యార్థుల సభలో అయ్యర్ ఈ పుండునే కెలికాడు. ఈ దేశంలో మనం గెలిచామంటే, ఈ దేశం చేస్తున్న ఏ పనుల్లో మనకూ వాటా ఉన్నట్టు, అని అడిగాడు. సన్మాన సభల్లో సాధారణంగా వినిపించే ప్రసంగం కాదది.

తోలు రంగు తెచ్చిపెట్టే కష్టాలు అతనికి తెలియక కాదు. 2001 ఏప్రిల్‌లో ఇరాన్ సినిమా దర్శకుడు జఫర్ పనాహీ విమానం మారడానికి న్యూయార్క్‌లో దిగితే, వేలిముద్రలు ఇవ్వనన్నందుకు గంటల తరబడి గొలుసులతో కట్టి కూర్చోబెట్టి, వచ్చిన దారినే వెనక్కి పంపారు. సెప్టెంబరు దాడులకు ఐదు నెలల ముందు మాట ఇది. తోటి ప్రయాణికులకు నేను దొంగను కానని చెప్పాలనుకున్నాను, ఏ భాషలో చెప్పను, అని ఆయన తర్వాత వాపోయాడు. అయ్యర్, కవి మైక్ లాడ్ కలిసి ఆ ప్రశ్ననే పేరుగా పెట్టుకుని 2003లో ఒక ఆల్బమ్ చేశారు. విమానాశ్రయంలో ఆగిపోయిన, ఆపేయబడిన, అక్కడే ఊడ్చే మనుషుల గొంతులు అందులో వినిపిస్తాయి. ఆ మైక్ లాడ్ నల్లవాడు. ఒక ఇరానియన్ అవమానాన్ని ఒక తమిళుల బిడ్డ, ఒక ఆఫ్రికన్ అమెరికన్ కలిసి వాయించారు. ఇందులో మనవాడు ఎవడో తేల్చండి చూద్దాం.

నాకు మరీ ఇష్టమైనది, వడాడా లియో స్మిత్‌తో కలిసి 2016లో వచ్చిన ఆల్బమ్. స్మిత్ మిసిసిపీలో 1941లో పుట్టినవాడు, అయ్యర్ కంటే ముప్పై ఏళ్లు పెద్ద. వాయించింది వీళ్లిద్దరే. అందులోని ముఖ్యమైన భాగానికి ఆధారం నస్రీన్ మొహమెది అనే భారతీయ చిత్రకారిణి గీసిన గీతలు. ఆమె 1937లో కరాచీలో పుట్టి 1990లో పోయింది. కాగితం మీద పెన్సిలుతో, సిరాతో సన్నని సమాంతర రేఖలు గీసేది, వెంట్రుకవాసి తేడా లేకుండా. నరాల జబ్బు వచ్చి ఒళ్లు అదుపు తప్పుతున్న రోజుల్లోనూ ఆ గీత వంకర పోలేదు. ఆమె బొమ్మల ముందు నిలబడితే మొదట స్కేలు గుర్తొస్తుంది, కాసేపటికి స్కేలు పట్టుకున్న చెయ్యి గుర్తొస్తుంది. స్మిత్ ఒక స్వరం ఊది, అది గాలిలో పూర్తిగా కరిగేవరకు అలాగే వదిలేస్తాడు. అయ్యర్ తొందరపడి దాన్ని నింపడు. ఒక్కోసారి ఒక్క మెట్టు నొక్కి ఊరుకుంటాడు. ఇన్ని లెక్కలు వచ్చిన మనిషి అంతసేపు చేతులు కట్టుకుని కూర్చోవడమే నాకు ఆ ఆల్బమ్‌లో పెద్ద విద్యగా తోచింది.

2021లో వచ్చిన 'అనీజీ'లో బేస్ లిండా మే హాన్ ఓ, డ్రమ్స్ టైషాన్ సోరీ. సీసం కలిసిన నీళ్లు తాగిన అమెరికాలోని ఫ్లింట్ నగరపు పిల్లల పేర ఒక పాట ఉంది. 'కాంబాట్ బ్రీతింగ్' అని ఇంకొకటి. ఎరిక్ గార్నర్ పోలీసు పట్టులో ఊపిరాడక చనిపోయిన 2014లో, నల్లవారి ప్రాణాల కోసం సాగుతున్న ఉద్యమానికి మద్దతుగా కట్టినది. ఊపిరే సంగీతంలో వాక్యమవుతుందని పదహారేళ్ల ముందు రాసిన మనిషి, ఊపిరి ఆడనివ్వని లోకం మీద వాయిస్తే ఎలా ఉంటుందో నేను మాటల్లో పెట్టలేను. ముగ్గురూ ఎక్కడా ఆగరు అని మాత్రం చెప్పగలను. దాన్ని విని కూడా చల్లగా ఉందనేవారితో నాకు వాదన లేదు.

బాబాయికి ఇవన్నీ చెప్పలేదు. ఫోనులో ఉపన్యాసం ఇస్తే వినే మనిషి కాదు. 'మిస్టిక్ బ్రూ' ఒక్కటి పంపించి, కాలితో తాళం వేస్తూ వినమన్నాను. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఐదో రోజు తనే ఫోను చేశాడు.

"ఒరేయ్, తాళం తప్పిందిరా."

"నాకూ తప్పింది బాబాయ్."

"మూడుసార్లు విన్నాను. మూడోసారికి తాళం మానేశాను, అప్పుడు బాగుంది." కాస్త ఆగాడు. "అది సరే గాని, ఆ డ్రమ్ములు వాయించే కుర్రాడు ఎవరి తాలూకు?"

"మార్కస్ గిల్మోర్ అని. రాయ్ హేన్స్ అని పెద్దాయన ఉండేవాడు, చార్లీ పార్కర్‌కీ మంక్‌కీ వాయించినవాడు, తొంభై తొమ్మిదేళ్లు బతికి 2024లో పోయాడు. ఆయన మనవడు."

"మనవాడా?" అన్నాడు బాబాయి.

"మనవడు, బాబాయ్. కూతురి కొడుకు."

"అదీ, అలా చెప్పు," అన్నాడు. "చేతిలో తెలుస్తోంది. ఆ పెద్దాయనది కూడా ఒకటి పంపించు."